మంచి నేల ఏది?



విత్తువాని ఉపమానము మన సంఘములలో ఎన్నిసార్లు బోధింపబడినదో లెక్కలేదు. త్రోవప్రక్క నేల, రాతి నేల, ముండ్ల నేల, మంచి నేల అని సండే స్కూలు పిల్లలు కూడ వ్రేళ్లమీద లెక్కించి చెప్తారు. అయితే ప్రసంగము ముగిసిన తరువాత మనలో ఒక అలవాటు మిగిలిపోతున్నది. ఆ నాలుగు నేలలను మనుష్యులకు పంచిపెట్టడమే ఆ అలవాటు. ఫలానా కుటుంబము రాతి నేల అంటాము. ఫలానా వీధివారు ముండ్ల నేల అంటాము. ఈ కాలపు పిల్లలకు ఏమి చెప్పినా నిలువదు, వీరు త్రోవప్రక్క నేల అంటాము. మరి మంచి నేల ఎవరని అడిగితే ఎవరూ నోరు తెరచి చెప్పరు గాని, ఎవరి మనస్సులో వారికి ఒక జవాబు సిద్ధముగానే ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకొనవలసియున్నది. నేల తన్ను తాను చేసికొనలేదు. రాతి నేల రాతిగా ఉండుట దాని తప్పా? తప్పు కాకపోతే దానిని నిందించుట న్యాయమా? నిందింపకూడదంటే, పంట పండనందుకు ఉత్తరవాది ఎవరు? ఇది పొలమునకు సంబంధించిన ప్రశ్నవలె కనబడుతుంది గాని, మన ఇండ్లలోను మన సంఘములలోను ప్రతిదినము మనము చేసే తీర్పులు దీనిమీదనే ఆధారపడియున్నవి. అందుచేత ముందుగా మన దేశపు నేలలను గూర్చి కొంత తెలిసికొని, ఆ తరువాత ఈ ప్రశ్నకు వద్దామని కోరుచున్నాము.

మన దేశము ఒకే మన్ను గల దేశము కాదు. 1953లో ఏర్పడిన అఖిల భారత నేలల సర్వే కమిటీ ఈ దేశపు నేలలను ఎనిమిది పెద్ద తరగతులుగా విభజించింది. నదులు తెచ్చి పరచిన ఒండ్రు నేలలు, నల్లరేగడి నేలలు, ఎర్ర నేలలు, లాటరైటు నేలలు, ఎడారి నేలలు, చౌడు నేలలు, నీరు నిలిచి కుళ్లిన ఆకులతో ఏర్పడిన బురద నేలలు, కొండలమీది అడవి నేలలు అని ఆ ఎనిమిది. అన్నిటికంటె ఎక్కువ విస్తీర్ణము ఒండ్రు నేలలది. గంగా మైదానము మొదలుకొని గోదావరి ముఖమున ఉన్న యానాము వరకు అదే జాతి నేల. షోలాపూరు ప్రాంతములో జొన్న పండేది నల్లరేగడి. కోలారులో రాగులు పండేది ఎర్ర నేల. ఒడిశాలో భువనేశ్వరు చుట్టుప్రక్కల కనబడేది లాటరైటు. మన సంఘములు ఏయే పట్టణములలో ఉన్నవో ఒకసారి తలంచుకొంటే, ఒకే సంఘటనలో ఉన్న మనము ఎన్ని రకముల మన్నుమీద కాపురముంటున్నామో తెలుస్తుంది.

నల్లరేగడి విషయములో మనవారు తెలిసికొనదగిన సంగతి ఒకటి ఉన్నది. ఇంగ్లీషు భూగోళ పుస్తకములలో ఈ నేలకు ‘రేగర్’ అన్న పేరు ఉంటుంది. అది మన రేగడి అన్న తెలుగు మాటనుండి వెళ్లినదే. అంతమాత్రముచేత ఆ నేల మనది మాత్రమే అనుకొనరాదు. కన్నడిగులు దానిని ఎరె భూమి అంటారు. కోవిల్‌పట్టి ప్రాంతపు తమిళులు కరిసల్ అంటారు. మరాఠీవారు కాళీ మాతి అంటారు. ఆ మన్నుతో బ్రదికిన ప్రతి జనము దానికి తన భాషలో ఒక పేరు పెట్టుకొన్నది.

ఈ నేలలు ఇన్ని రకములుగా ఎందుకున్నవి? రష్యా దేశస్థుడైన దొకుచాయెవ్ 19వ శతాబ్దపు చివరిభాగములో నేలల పుట్టుకను శాస్త్రముగా పరిశీలించాడు. తరువాత 1941లో హాన్స్ జెన్నీ అను శాస్త్రజ్ఞుడు దానిని విపులముగా వివరించాడు. అయిదు సంగతులు కలిసి నేలను చేస్తాయని వారి బోధ సారాంశము. అడుగున ఉన్న రాయి, పైన ఉన్న శీతోష్ణస్థితి, ఆ మంటిలో బ్రదికే చెట్లు చేమలు పురుగులు, నేల వాలు, గడచిన కాలము. ఈ అయిదింటిలో ఏ ఒకటియు నేల కోరుకొన్నది కాదు. దక్కను పీఠభూమిమీద సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట లావా పొంగి పొరలు పొరలుగా పరచుకొన్నది. ఆ నల్లరాయి అరిగి అరిగి మహారాష్ట్రలోని రేగడి అయినది. కోలారు, అనంతపురము వైపున అడుగున గ్రానైటు వంటి పాతరాళ్లు ఉన్నవి. అవి అరిగి ఎర్ర నేల అయినది. వాన ఎక్కువగాను ఎండ ఎక్కువగాను ఉన్న చోట్ల మంటిలోని సారము కొట్టుకొనిపోయి ఇనుము, అల్యూమినియము మిగిలి లాటరైటు అయినది. ఒక్క సెంటీమీటరు మన్ను తయారగుటకు వందల సంవత్సరములు పడుతుంది.

కాబట్టి మొదటి సంగతి తేటగానే ఉన్నది. పుట్టుకను బట్టి ఏ నేలను నిందింపజాలము. పుట్టుకను బట్టి ఏ నేలయు అతిశయింపజాలదు.

రెండవ సంగతి. అన్నిటికి మంచి నేల అనేది ఒకటి ఎక్కడను లేదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులో 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనా సంస్థ స్థాపింపబడినది. ఆ స్థలమును ఎంచుకొనుటకు ఒక కారణము, ఒకే ఆవరణములో నల్లరేగడియు ఎర్ర నేలయు రెండును ఉండుట. కంచె ఒకటే, వాన ఒకటే, ఎండ ఒకటే, అయినను రెండు నేలల నడత వేరు. రేగడి నీటిని పట్టుకొని నెలల తరబడి దాచుకొంటుంది. వానలు వెనుకబట్టిన తరువాత కూడ ఆ తేమతోనే జొన్న, శనగ పండుతాయి. అయితే గట్టిగా వాన కురిసిన దినమున ఆ నేలలో అడుగు పెట్టలేము. అరక సాగదు, కాలికి బంక అంటుతుంది. ఎర్ర నేల అలాగు కాదు. చిన్న జల్లు పడినా దున్నవచ్చును, వేరుశనగ వేయవచ్చును, ఊడబెరుకుట సులువు. అయితే రెండు వారములు వాన తప్పితే అది ఎండిపోతుంది. రేగడి రైతు ఎర్ర నేలను చూచి ఇది నీటిని నిలుపదు అంటాడు. ఎర్ర నేల రైతు రేగడిని చూచి ఇది అడుగు పెట్టనీయదు అంటాడు. ఇద్దరు చెప్పినదియు నిజమే. ఇద్దరు తమ నేలతో ఎదుటివాని నేలను కొలుచుట మాత్రము సరికాదు.

ఎందుకును పనికిరాదని అనిపించే లాటరైటు మాట ఏమి? మలబారులో ఆ నేలను చూచిన ఫ్రాన్సిస్ బుకానన్ దొర 1807లో ఇటుక అను అర్థమిచ్చే లాటిన్ మాటతో దానికి పేరు పెట్టాడు. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన తరువాత గట్టిపడుతుంది గనుక అక్కడివారు దానిని దిమ్మెలుగా కోసి ఇండ్లు కట్టుకొంటారు. అదే నేలలో జీడిమామిడి చక్కగా కాస్తుంది. వరికి చెడ్డదైన నేల జీడిమామిడికి మంచిది. కాబట్టి మంచి నేల ఏది అని అడిగినప్పుడు, దేనికి మంచిది అని కూడ అడుగవలసియున్నది.

ఇంతవరకు చదివిన పాఠకులలో కొందరు ఒక ఆక్షేపణ చెప్పవచ్చును. ‘పుట్టుక తప్పు కాదు, ప్రతి నేల దేనికో ఒకదానికి మంచిదే అంటే, ఇక పాపమేమి, బాధ్యతయేమి? ప్రభువు చెప్పిన ఉపమానమునకు అర్థమేమి? నా స్వభావము ఇంతే అని ప్రతివాడు తప్పించుకొనడా?’ ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు.

ఉపమానమును మరల జాగ్రత్తగా చూతము. అక్కడ నాలుగు దేశముల నాలుగు నేలలు లేవు. ఒక విత్తువాడు ఒక పొలములో నడచుచు చల్లుచున్నాడు. త్రోవ అనబడినది కూడ ఒకప్పుడు దున్నిన నేలయే అయియుండవచ్చును. మనుష్యులు నడచి నడచి దానిని గట్టిపరచారు. ముండ్లు ఉన్నచోట నేలలో సారమున్నది, లేకపోతే ముండ్లైనను మొలవవు. అక్కడ కావలసినది కలుపు తీసే చెయ్యి. రాతి నేలలో పైని మన్ను పలుచన, క్రింద రాయి. అది పుట్టుకతో వచ్చినది, దానికి ఎక్కువ కష్టము కావలెను. కాబట్టి ఒక నేల ఈ దినము ఉన్న స్థితిలో పుట్టుక పాలు కొంత, దానిమీద నడచినవారి పాలు కొంత, దానిని సేద్యము చేసినవారి పాలు కొంత.

నేలలు మారుతవి అనుటకు మన దేశములోనే సాక్ష్యమున్నది. ఉత్తరదేశపు చౌడు నేలలు తెల్లగా ఉప్పు పేరుకొని గడ్డి కూడ మొలవక పడియుండేవి. 1969లో కర్నాలులో చౌడు నేలల పరిశోధనా కేంద్రము ఏర్పడిన తరువాత అక్కడివారు మార్గము చూపారు. పొలమునకు గట్లు వేసి, జిప్సము చల్లి, మంచినీరు నిలిపి ఉప్పును క్రిందికి దించివేసి, ముందు వరి వేసి, జీలుగను పచ్చిరొట్టగా దున్ని కలియబెట్టి, కొన్ని సంవత్సరములు ఓపిక పట్టితే ఆ నేల పంటకు వచ్చింది. అట్లు బాగుపడిన భూములు పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో లక్షల ఎకరములు ఉన్నవి. మన పెద్దలకు ఇటువంటి వైద్యము తెలియనిది కాదు. ఎర్ర చెల్కకు వేసవిలో చెరువు మట్టి తోలేవారు. చెరువు అడుగున ఉన్న జిగటమన్ను కలిసిన తరువాత చెల్క నీటిని నిలుపుకొనేది.

మంచి నేలను మనుష్యులు పాడుచేసిన సాక్ష్యము కూడ ఉన్నది. కోలారు బంగారు గనులను మనవారు ఎరుగుదురు. చిత్తూరు ప్రాంతమునుండియు తమిళదేశమునుండియు వెళ్లిన కూలీలు అక్కడ భూమిలోనికి మూడు కిలోమీటర్లకు పైగా దిగి పనిచేశారు. 1880లో మొదలైన ఆ పెద్ద త్రవ్వకము 2001 ఫిబ్రవరి 28న మూతబడేనాటికి సుమారు 800 టన్నుల బంగారము బయటికి వచ్చింది. బంగారము వెళ్లిపోయినది, సయనైడుతో కడిగిన పొడి గుట్టలుగా మిగిలినది. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము ఇండ్లమీద పడుతుంది. ఆ గుట్టలను చూచి ఇది చెడ్డ నేల, ఏమియు మొలవదు అనుట సత్యమే. అయితే ఆ నేల పుట్టుకతో అట్లు లేదు. లాభము తీసికొన్నవారు వేరు, దుమ్ము పీల్చేవారు వేరు. ఒక నేలను చెడ్డది అనేముందు, దానిని ఎవరు అట్లు చేశారు అని అడుగుట న్యాయము.

అయితే మనిషికిని మంటికిని ఒక పెద్ద భేదమున్నది. మనిషి మంటినుండి తీయబడినవాడు. హెబ్రీ భాషలో ఆదాము అన్న పేరు నేల అన్న మాటకు దగ్గరి చుట్టము. అయినను మన్ను తన్ను తాను దున్నుకొనలేదు, మనిషి తన్ను తాను దున్నుకొనగలడు. మనిషి నేలయు అయియున్నాడు, కొంతవరకు సేద్యగాడును అయియున్నాడు. కాబట్టి ‘నా స్వభావము ఇంతే’ అనుట అతనికి చెల్లదు. ఆక్షేపణకు మేము చెప్పే జవాబు ఇదే. నన్ను గూర్చి నేను ఆలోచించుకొనేటప్పుడు సేద్యగాడను అని తలంచవలెను, నా రాళ్లు నేనే ఏరుకొనవలెను. పొరుగువానిని గూర్చి ఆలోచించేటప్పుడు మాత్రము, అతడు నేల కూడ అని జ్ఞాపకముంచుకొనవలెను. అతని అడుగున ఏ రాయి ఉన్నదో, ఎవరు అతనిమీద నడచారో నాకు తెలియదు. మనము సాధారణముగా దీనిని తలక్రిందులు చేస్తాము. మన తప్పునకు మన పుట్టుకను, మన కష్టములను చూపుకొంటాము. ఎదుటివాని తప్పును అతని మనస్సుమీదనే మోపుతాము.

ఈ మాట మన జనమునకు ఇతరులకంటె బాగుగా తెలియవలెను. మన పితరులలో అనేకులను గ్రామము చెడ్డ నేలగా లెక్కించింది. ఊరివెలుపల ఉంచింది. వారు తరతరములు మన్ను పనియే చేశారు గాని వారికి గజము మన్ను తమదిగా లేదు. వారికి చదువు ఎక్కదని, దేవుని మాట వారికి చెప్పుట వ్యర్థమని అనేవారు. 1876లో మొదలై 1878 వరకు నడచిన గొప్ప క్షామములో ఒంగోలులోని మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపించారు. గంజికొరకు వచ్చి నమ్మినట్లు నటించకూడదని, క్షామపు సహాయము సాగినన్ని నెలలు ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. సహాయము ముగిసిన తరువాత కూడ జనులు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. రాతి నేల అని లోకము వదలివేసిన చోట వచ్చిన పంట అది. ఆ పంటలో పుట్టినవారము ఇంకొకరిని చూచి రాతి నేల అనుటకు ఎంత జంకవలెను!

ఇప్పుడు మూడవ సంగతి. ఇది పరదేశములో స్థిరపడిన మనకు ప్రత్యేకముగా చెందినది. నేలను నిందించుట ఒక తప్పు. నేలను తెలిసికొనకుండ ప్రేమించుట కూడ హాని చేస్తుంది. దీనికి కర్ణాటకలోని తుంగభద్ర ఆయకట్టు మంచి ఉదాహరణ.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయినది. ఎడమ కాలువ క్రింద ఉన్న రాయచూరు, కొప్పళ ప్రాంతములు చాలవరకు నల్లరేగడి మెట్టలు. జొన్న, ప్రత్తి, వేరుశనగ వంటి తక్కువ నీటి పంటలకు, ఎక్కువమంది రైతులకు కొద్ది కొద్దిగా నీరు అందవలెనన్న ఉద్దేశముతో ఆ కాలువలను తలపెట్టారు. కోస్తా జిల్లాలనుండి తెలుగు రైతులు అనేకులు వెళ్లి అక్కడ భూములు కొన్నారు, కూలిపనికి వెళ్లిన కుటుంబములును ఉన్నవి. గంగావతి, సింధనూరు చుట్టు క్యాంపులు అను పేరుతో వెలసిన ఊళ్లు అవే. ఆ రైతుల కష్టమును ఎవరూ కాదనలేరు. మెట్టను చదును చేశారు, పాముతేళ్ల మధ్య పాకలలో ఉన్నారు, గంగావతి బియ్యమునకు పేరు తెచ్చారు. అయితే వారు తెచ్చుకొన్న కన్ను డెల్టా కన్ను. నీరు కనబడితే వరి వేయవలెనన్నది డెల్టా బుద్ధి. ఒండ్రు నేలకు తగిన సేద్యమును రేగడిమీద చేశారు. జిగట నేలలో నీరు నిలిచి నిలిచి భూగర్భజలము పైకి వచ్చింది. దానితోపాటు అడుగున ఉన్న ఉప్పు పైకి వచ్చి, నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలినది. వేల ఎకరములు చౌడు పట్టినవి. కాలువ పైభాగమున వరికి నీరంతయు సరిపోగా చివరి భాగమున ఉన్న స్థానిక రైతులకు నీరు అందక తగవులు వచ్చినవి.

ఇక్కడ ఎవరును దుష్టులు కారు. నేలను ప్రేమించారు, చెమట కార్చారు. అయితే ఆ నేలను తమ నేలకు నకలుగా చేయగోరారు. ‘నీవు ఏమి పండించగలవు?’ అని దానిని అడుగలేదు. ‘మా ఊరివలె పండు’ అన్నారు. నిజమునకు డెల్టా కూడ పుట్టుకతో అన్నపూర్ణ కాదు. 1847లో మొదలుపెట్టి 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తయ్యేవరకు అదే ఒండ్రు నేలలో జనులు కరవుతో చచ్చిపోయేవారు. ఆ సంగతి మరచినప్పుడు మన ఊరి మన్నే మన్ను అన్న అతిశయము వస్తుంది.

ఇంతకు ఈ మాటలన్ని ఎందుకు వ్రాస్తున్నామంటే, మన సంఘములలో ఇప్పుడు ఇదే తగవు నడుస్తున్నది. పెద్దలకు తెలుగు ఆరాధన ప్రాణము. పిల్లలు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చదువుకొంటున్నారు. తెలుగు మాటలాడుతారు గాని తెలుగు పాటల పుస్తకము చదువలేరు. ప్రసంగములోని పెద్దమాటలు వారికి అర్థము కావు. వెనుక బల్లమీద కూర్చుండి, కొన్ని సంవత్సరములకు రావడము మానివేస్తారు. అప్పుడు పెద్దలు వీరు త్రోవప్రక్క నేల అంటారు. పిల్లలు పెద్దలను రాతి నేల అంటారు. ఒకరి నేలను ఒకరు పరీక్షించినవారు మాత్రము లేరు.

పెద్దల వాదము అల్పమైనది కాదు. ఈ భాషలో మన అవ్వలు తాతలు విశ్వసించారు, ఈ పాటలు పాడుకొని కరవులను దాటారు, ఇది పోతే మనమెవరము అంటారు. పిల్లల వాదము కూడ అల్పమైనది కాదు. దేవుని మాట నాకు తెలిసిన మాటలలో వినగోరుట తప్పా అంటారు. ఈ రెంటి మధ్య మేము చెప్పగోరేది ఏమనగా, విత్తనమేదో నేల ఏదో మొదట వేరుచేసి చూడవలెను. విత్తనము దేవుని వాక్యము. అది తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, ఏ భాషయు కాదు. పిల్లల హృదయము నేల. అది వారు పుట్టిన చోటి మన్ను. ఆ మన్ను కన్నడమో తమిళమో అయినందుకు వారు దోషులు కారు. మనమే వారిని అక్కడ కన్నాము, మనమే ఆ బడిలో చేర్పించాము.

అలాగైతే తెలుగు ఏమి కావలెను? మన పాత రైతులకు పాటి మన్ను అనేది ఒకటి తెలుసు. పూర్వము ఊరు ఉండి ఖాళీ అయిన స్థలములో తరతరముల బూడిద, పేడ, పెంట కలిసి సారవంతమైన మన్ను ఉంటుంది. దానిని బండ్లకెత్తి పొలములకు తోలేవారు. పొలమునంతటిని తీసివేసి దాని స్థానమున పాటి మన్ను పోసిన రైతు లేడు. పాత ఊరు పోయినది గదా అని ఆ మన్నును వదలుకొన్న తెలివిగల రైతును లేడు. ఉన్న నేలమీద దానిని పలుచగా చల్లి, కలియదున్ని, ఆ నేలకు తగిన పంటనే వేశాడు. మన తెలుగు, మన కీర్తనలు, మన పితరుల సాక్ష్యములు మనకు పాటి మన్ను వంటివి. వాటిని పిల్లలకు తోలవలెను. వాటితో పిల్లలను పూడ్చివేయరాదు.

మా తలంపునకు తోచిన కొన్ని పనులు మనవి చేస్తున్నాము. వేసవి సెలవులలో నెల దినములు తెలుగు అక్షరములు నేర్పే తరగతి ప్రతి సంఘములోను పెట్టవచ్చును. పాటలను తెలుగులోనే ఉంచి, పిల్లలకు తెలిసిన లిపిలో వ్రాయించి ఇయ్యవచ్చును. నెలకొక ఆదివారము ప్రసంగ సారాంశమును స్థానిక భాషలో ఒక యౌవనస్థునిచేత చెప్పించవచ్చును. సాక్ష్యము చెప్పగోరే బిడ్డను ఏ భాషలో వచ్చితే ఆ భాషలో చెప్పనియ్యవలెను, మధ్యలో తెలుగు తప్పులు దిద్దరాదు. పెద్దలలో ఒకరు పిల్లలకు తమ ఊరి కథను, తాము వలస వచ్చిన కథను చెప్పుటకు ఒక సాయంకాలము ఏర్పరచవచ్చును. దీనితోపాటు ఇంకొక పని కూడ ఉన్నది. మనకు అన్నము పెట్టిన ఈ ఊరివారి భాషను పెద్దలు కూడ నేర్చుకొని, వారి కష్టసుఖములలో పాలుపొందవలెను. మూడు తరములు ఒక నేల పంటను తిని, ఆ నేలకు ఏమియు తిరిగి ఇయ్యనివాడు మంచి సేద్యగాడు కాడు.

ఇంత చేసినా కొన్ని చోట్ల ఫలము కనబడకపోవచ్చును. అప్పుడు ప్రభువు చెప్పిన ఇంకొక ఉపమానము మనకు ఆదరణ. ద్రాక్షతోటలో కాయని అంజూరపు చెట్టు ఉన్నది. యజమానుడు కొట్టివేయుమన్నాడు. తోటమాలి చెట్టును నిందింపలేదు, నేలను నిందింపలేదు. ఒక ఏడాది గడువు అడిగాడు, గునపము పట్టుకొని ఎరువు తోలుటకు ఒప్పుకొన్నాడు. చౌడు నేల బాగుపడుటకు సంవత్సరములు పట్టిన విధముగా మనుష్యులకును గడువు కావలెను. ఆ గడువులో కష్టపడవలసినది గడువు అడిగినవాడే.

ఈ ప్రశ్నను రాబోయే కూటములలో స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు, డీకనులు కలిసి కూర్చుండి చర్చించగోరుచున్నాము. మన సంఘములో రాతి నేల ఎవరు అన్న ప్రశ్నను ప్రక్కకు పెట్టి, ఎవరి పొలములో ఏ మన్ను ఉన్నది, దానికి ఈ ఏడు మనము తోలవలసినది ఏమి అని మాటలాడుకొందురు గాక. వర్షమిచ్చువాడు, వృద్ధి కలుగజేయువాడు అయిన దేవుడు మన అందరి చేతుల కష్టమును ఆశీర్వదించును గాక.